థోరియం: దీపము నుండి అణుశక్తి వరకు

పత్తికొండ ప్రాంతపు పెద్దలు పెండ్లి ఊరేగింపులలో పెట్రోమాక్స్ దీపపు వెలుగును ఎరుగుదురు. ఆ దీపమున తెల్లగా ప్రకాశించు మేంటిలుకు మూలము థోరియం. 1829లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ కనుగొనిన ఈ లోహపు పరమాణు సంఖ్య 90.

వస్త్రపు వలను థోరియం నైట్రేటు ద్రావణములో తడిపి కాల్చినచో బట్ట కాలిపోయి థోరియం ఆక్సైడు మిగులును. ఇది సుమారు 3,300 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని కరగదు. అయితే ఒంటరిగా మందముగానే వెలుగును. 1891లో ఆస్ట్రియా రసాయనవేత్త వెల్స్‌బాక్ దీనికి నూటికొక పాలు సీరియం ఆక్సైడు చేర్చి ఉజ్జ్వలమైన కాంతిని సాధించెను.

అణుశక్తిలోను థోరియమునకు తోడు కావలెను. యురేనియం గాని ప్లుటోనియం గాని విడుదల చేయు న్యూట్రానును గ్రహించి, ప్రొటాక్టినియంగా, పిదప యురేనియం-233గా మారిననే అది ఇంధనమగును. మన రాష్ట్రమున భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైటులో థోరియం, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం లభించును. 1996లో కల్పాక్కంలో ప్రారంభమైన కామిని రియాక్టరుకు యురేనియం-233 యే ఇంధనము.

థోరియం రేడియోధార్మికము; అర్ధ జీవితకాలము సుమారు 1,400 కోట్ల సంవత్సరములు. దాని ఆల్ఫా కిరణములను చర్మము ఆపగలదు. ధూళి ఊపిరితిత్తులలో చేరినచో హానికరము. కావుననే పలువురు తయారీదారులు ఇట్రియం వైపు మరలిరి. పాత మేంటిలు రాలినచో బూడిదను ఊదరాదు. తడిగుడ్డతో తీసి చేతులు కడుగుకొనవలెను. ఈ మాటను ఇంటనున్న చిన్నవారికి విద్యార్థులే తెలుపవలెను.