పరుగుకి జరిమానా ఎందుకు కడుతున్నారు?

సమస్య:

నా వయసు 43. ఖమ్మంలో ఉంటాం. మా ఆయన ప్రభుత్వ ఉద్యోగి. అమ్మాయి డిగ్రీ, బాబు ఇంటర్. అత్తయ్య మాతోనే ఉంటారు. ఈ ఏడాది మొదట్లో ఊరికే నీరసం వస్తుంటే పరీక్షలు చేయించారు. హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు కానీ అంచుల్లో ఉన్నానని, ఇప్పుడే మందులొద్దు, బరువు తగ్గి వ్యాయామం చేయమని డాక్టరుగారు చెప్పారు. మొదట నడిచాను. ఒకరోజు గ్రౌండ్‌లో నాకంటే పెద్దావిడ పరుగెత్తుతుంటే చూసి నేనూ మొదలుపెట్టాను. రెండు కరెంటు స్తంభాల మధ్య పరుగెత్తడం, ఆయాసం తగ్గేదాకా నడవడం. స్కూల్లో ఖోఖో ఆడాక మళ్లీ పరుగెత్తింది ఇప్పుడే. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇంట్లో మాత్రం ఎవరికీ నచ్చలేదు. గర్భసంచి జారుతుంది, మోకాళ్లు అరిగిపోతాయి అని అత్తయ్య. ఫ్రెండ్స్ చూస్తే పరువు పోతుందని అమ్మాయి. ‘వద్దనను గానీ, నడిస్తే చాలదా, నలుగురిలో ఆ పరుగులేంటి’ అని మా ఆయన. ఇంటికి ఏ లోటూ రానివ్వడం లేదు మేడమ్. నాలుగింటికే లేచి చట్నీ చేసి, కూర వండి, బాక్సులు సర్ది ఐదుంబావుకి వెళ్తాను. మా ఆయన వాకింగ్ నుంచి వచ్చేసరికి రాగిజావ సిద్ధంగా ఉండాలని ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాను. అయినా మాటలు తప్పడం లేదు. రాత్రి పడుకునేసరికి పదకొండు. మధ్యాహ్నమైతే కళ్లు మూతలు పడుతున్నాయి. పరుగు మానేసి నడకతో సరిపెట్టుకోనా? లేక వీళ్లని ఎలా ఒప్పించాలి?

– ఓ సోదరి, ఖమ్మం

సలహా:

చూడమ్మా, ఉత్తరంలో అసలు సంగతిని మీరు వాక్యం మధ్యలో దాచేశారు. ‘మా ఆయన వాకింగ్ నుంచి వచ్చేసరికి’ అన్నారు. అంటే ఆయనా రోజూ పొద్దున్నే వెళ్తున్నారు! బయల్దేరేముందు ఆయన ఎన్ని బాక్సులు సర్దుతున్నారు? వాకింగ్ మొదలుపెట్టినప్పుడు మిమ్మల్ని, అమ్మాయిని, వాళ్లమ్మగారిని కూర్చోబెట్టి ఒప్పించారా? బూట్లు కట్టుకుని వెళ్లిపోయి ఉంటారు. మీ ఉత్తరానికి జవాబు రాయాలనిపించింది ఆ రాగిజావ గురించి చదివాకే.

ముందు పరుగు సంగతి. మానొద్దు. మీ స్తంభాల లెక్క చక్కటి పద్ధతి. కొత్తవాళ్లకి కోచ్‌లు చెప్పేదీ ఇలాగే కాస్త పరుగు, కాస్త నడక. పరుగెత్తుతూ పక్కవాళ్లతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. వారానికి మూడు రోజులు చాలు, మిగతా రోజులు నడవండి. చెప్పులతో, పాత కాన్వాస్ బూట్లతో వెళ్తుంటే మాత్రం మంచి రన్నింగ్ బూట్లు కొనుక్కోండి. చీర కొన్నప్పుడు చూడని ఖరీదు ఇక్కడ చూడకండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి కనిపిస్తే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అత్తగారి భయాన్ని కొట్టిపారేయను. పెద్ద పెద్ద క్రీడా సంఘాలు నడిపినవాళ్లే అలా భయపడ్డారు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టి, వాళ్ల శరీరం తట్టుకోలేదంటూ తీసేస్తే మళ్లీ 1960లో గానీ రాలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984 దాకా లేనే లేదు. మన పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లోనే అది మొదలైంది. ఆ పరుగెత్తినవాళ్లెవరికీ గర్భసంచి ఊడి పడలేదని అత్తగారికి చెప్పండి. మీకు కింద బరువుగా అనిపించినా, దగ్గితే తుమ్మితే మూత్రం చుక్కలు పడుతున్నా గైనకాలజిస్టుకి చూపించుకోండి. కాన్పులైన చాలామందికి అది ఉంటుంది, సిగ్గుపడి దాచుకుంటారు. కటి కండరాలకి వ్యాయామాలున్నాయి. ఇక మోకాళ్లంటారా, మితంగా పరుగెత్తేవాళ్లకంటే కదలకుండా కూర్చునేవాళ్లలోనే అరుగుదల ఎక్కువని పరిశోధనల్లో తేలింది.

ఇప్పుడు అసలు తిట్లు, మీకే. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే ఐదు గంటలు. మనిషికి కనీసం ఏడు కావాలి. నిద్ర చాలకపోతే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, ఆకలి పెరుగుతుంది. పరుగుతో తగ్గించుకుంటున్న షుగర్‌ని చట్నీ కోసం మీరే మళ్లీ పైకి నెడుతున్నారు. ఎవరూ మిమ్మల్ని పరుగెత్తొద్దని గట్టిగా ఆపలేదు. మీరే ఆ గంటకి జరిమానా కింద రోజూ రెండు గంటల నిద్ర కడుతున్నారు. జరిమానా కడుతున్నారంటే తప్పు చేశానని మీరే ఒప్పుకున్నట్టు. ఇంక ఇంట్లోవాళ్లు అనరా?

మన ఇళ్లలో ఒకటి గమనించాను. ఇంటాయనకి షుగర్ వస్తే ఆ రాత్రి నుంచీ ఇంటిల్లిపాదికీ చపాతీలే. స్వీట్లు గుమ్మం దాటి రావు, మాత్ర వేసుకున్నాడో లేదో నలుగురు అడుగుతారు. ఇల్లాలికి వస్తే ఆవిడే అందరికీ అన్నం వండి, తనకి రెండు పుల్కాలు విడిగా కాల్చుకుంటుంది. ఓపిక లేని రోజు ఆ మిగిలిన అన్నమే తింటుంది, పారేయలేక. ఆమె జబ్బు ఆమె ఇంటిపనుల్లో మరొకటి అవుతుంది. దీన్ని త్యాగమని పొగుడుతూ వచ్చాం. నాకైతే చిరాకు. డిగ్రీ చదివే పిల్ల, ఇంటర్ చదివే పిల్లాడు తమ బాక్సు తాము సర్దుకోలేకపోవడం అమ్మ ప్రేమకి గుర్తెలా అవుతుంది? రేపు ఆ అమ్మాయికి పెళ్లయి అక్కడా నాలుగింటికి లేస్తే మీకు సంతోషమేనా? అమ్మ పరుగెత్తితే పరువు పోతుందన్న పిల్లకి అమ్మ ఇన్సులిన్ సూది పొడుచుకునే రోజు వస్తే ఏం పోతుందో అడగండి. ఒక ఆదివారం గ్రౌండ్‌కి వెంటబెట్టుకెళ్లండి కూడా.

ఒప్పించడం గురించి అడిగారు. ఒప్పించకండి, చెప్పండి. ‘సోమవారం నుంచి రాత్రి పెందలాడే పడుకుని ఐదున్నరకి లేస్తాను, పరుగుకి వెళ్తాను, ఏడింటికి వస్తాను. కూర రాత్రే తరిగి పెడతాను, ఎవరి బాక్సు వాళ్లు సర్దుకోండి.’ మొదటివారం పిల్లలు క్యాంటీన్‌లో తింటారు, ఇంట్లో మూతులు ముడుచుకుంటాయి. ముడుచుకోనివ్వండి. మీవారు చెడ్డవారని నేననుకోవడం లేదు. ఆయన్ని అడిగినవాళ్లు లేరు, అంతే. రాగిపిండిని నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉడికించడం ప్రభుత్వ ఉద్యోగికి మించిన పనేం కాదు.

మూడు నెలలయ్యాక మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. ఎంత వచ్చిందో, ఆ జావ ఎవరు కాచారో రెండూ నాకు రాయండి.