నెమలికంఠం ఎందుకు వెలిసిపోయింది?

అమ్మడూ,

నువ్వు పంపిన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఫోటోషాప్‌లో నిండుగా ఉన్న నెమలికంఠం మంగళగిరి చీర, నీ అమ్మకాల పేజీలోకి ఎక్కేసరికి వెలిసిపోయింది. రంగు పెంచి మళ్లీ ఎక్కిస్తానన్నావు. ఆ పని చెయ్యకు. మూలమేమిటో తెలియకుండా రంగు పెంచితే, రేపు ఇంకొకరి తెర మీద అదే చీర కళ్లు చెదిరేలా కనబడుతుంది. చీర ఇంటికొచ్చాక ఆవిడ తిప్పి పంపేస్తుంది.

బొమ్మలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకి మూడు అంకెలుంటాయి, మామూలుగా 0 నుంచి 255 లోపు. బజారులో ఎవరైనా ఉత్తినే "పది" అంటే కిలోలా, గ్రాములా అని అడగమూ? ఈ అంకెలూ అంతే. అవి ఏ కొలతలో ఉన్నాయో చెప్పేది ఫైల్లో ఉండే కలర్ ప్రొఫైల్. వెబ్‌లో అందరూ వాడే కొలత ఎస్‌ఆర్‌జీబీ. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో దాన్ని ముందుకు తెచ్చాయి. 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ దానికంటే విశాలం, ముఖ్యంగా ఆకుపచ్చలూ నీలికలిసిన ఆకుపచ్చల వైపు. నెమలికంఠం ఉండేది సరిగ్గా అక్కడే!

నీ కెమెరా మెనూలో కలర్ స్పేస్ చూడు. అడోబీ ఆర్‌జీబీ అని ఉంటే సగం చిక్కు విడినట్టే. ప్రొఫైల్ ఉన్నంతవరకు బ్రౌజర్ ఆ అంకెల్ని సరిగానే చదువుతుంది. కానీ చాలా సైట్లు బొమ్మను కుదించేటప్పుడు ప్రొఫైల్‌ని తీసేస్తాయి. అప్పుడు బ్రౌజర్ వాటిని ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటుంది, గాఢత పోతుంది.

మందు ఒకటే: ఎక్కించే ముందు ఫోటోషాప్‌లో "కన్వర్ట్ టు ప్రొఫైల్"తో ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ప్రొఫైల్‌ని కూడా ఫైల్లో ఉంచి భద్రపరచు. పక్కనే "అసైన్ ప్రొఫైల్" ఉంటుంది, దాని జోలికి పోకు. కన్వర్ట్ రంగును నిలబెట్టి అంకెలు మారుస్తుంది. అసైన్ అంకెల్ని అలాగే ఉంచి కొలత పేరు మార్చేస్తుంది, దాంతో రంగే మారిపోతుంది.

ఇదంతా తప్పు నీ బొమ్మలోనే ఉన్నప్పటి మాట. ఎవరి బొమ్మలు చూసినా పసుపుబారినట్టుంటే నీ కంప్యూటర్నే అనుమానించాలి. ముందు తెరని పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపి చూడు. తర్వాత క్రోమ్ ఫ్లాగ్స్ పేజీలో "ఫోర్స్ కలర్ ప్రొఫైల్"ని ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, బ్రౌజర్ మళ్లీ తెరువు. దాంతో పసుపు పోతే, విండోస్‌లో మానిటర్‌కి తగిలించిన ప్రొఫైల్ చెడిందని గట్టిగా అనుమానించవచ్చు. "కలర్ మేనేజ్‌మెంట్" తెరిచి ఆ ప్రొఫైల్ తీసేసి ఎస్‌ఆర్‌జీబీని డిఫాల్ట్ చెయ్యి. క్రోమ్‌లో మార్చింది మాత్రం వెనక్కి పెట్టెయ్. అది పరీక్షకే.

ఎంత చేసినా కొన్ని గాఢమైన నెమలికంఠాలు ఎస్‌ఆర్‌జీబీలో పట్టవు. అలాంటి చీరకి పగటి వెలుతురులో కొంగు దగ్గరి ఫోటో ఒకటి అదనంగా పెట్టి, పడుగు ఏ రంగో, పేక ఏ రంగో కింద మాటల్లో రాయి.

ఆశీస్సులతో,
మామయ్య