చలికాలపు ప్రాగ్

ప్రశ్న: డిసెంబరు చివర్లో ప్రాగ్‌కు వెళితే ఏమేం చూడవచ్చు?

జవాబు: ఆ రోజుల్లో ప్రాగ్‌లో ఉదయం ఎనిమిదికి గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. చేతికి దక్కే వెలుతురు ఎనిమిది గంటలే.

అందులో మొదటి గంట చార్ల్స్ వంతెనకు ఇవ్వాలి. నాలుగో చార్ల్స్ చక్రవర్తి కాలంలో, 1357లో దీని నిర్మాణం మొదలైంది. 1841 వరకు నగరంలో వల్తావా నది మీద ఉన్న వంతెన ఇదొక్కటే. ఇప్పుడు దాని మీదున్న 30 శిల్పాల్లో చాలావరకు నకళ్లే. అసలువాటిని వానకూ మంచుకూ పాడవకుండా మ్యూజియంలో భద్రపరిచారు. తెల్లవారుజామున జనం ఉండరు. నది మీద పొగమంచు తెరలో ఆ విగ్రహాలు ఒక్కొక్కటిగా బయటపడే దృశ్యం వేసవిలో దొరకదు.

వంతెన దాటి గుట్ట ఎక్కితే కోట. చలికాలంలో లోపలి భవనాలను సాయంత్రం నాలుగింటికే మూస్తారు కాబట్టి మధ్యాహ్నంలోపే చేరుకోవడం మంచిది. అక్కడి సెయింట్ వైటస్ కేథడ్రల్‌ను 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు. దాదాపు ఆరు శతాబ్దాల పని! చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా రూపొందించిన రంగుటద్దాల కిటికీ ముందు కాసేపు ఆగి తీరాలి.

యూదుల వాడలోని పాత శ్మశానం, ప్రార్థనామందిరాలు శనివారం తెరవరు. చీకటి పడ్డాక పాతనగర కూడలి చాలు: 1410 నాటి ఖగోళ గడియారంలో రాత్రి పదకొండు దాకా గంటగంటకూ క్రీస్తు శిష్యుల బొమ్మలు కదులుతాయి. వీధులన్నీ రాళ్లు పరిచినవి, తడిస్తే జారతాయి. పట్టున్న బూట్లు తప్పనిసరి.