పాల సేకరణ గదికి పునాది: ఎంపిక, ఖర్చు అంచనా

సొంత గది కట్టుకోవాలని తీర్మానించిన సంఘాలు మమ్మల్ని ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "పునాదికి ఎంత అవుతుంది?" మేము చెప్పే జవాబూ ఒకటే. ముందు గుంట తీయండి, తరువాత లెక్క వేయండి. ఏ పునాది వేయాలో తేల్చేది గది కింద ఉన్న నేల.

గది వచ్చే చోట ఎదురెదురు మూలల్లో 6 అడుగుల లోతున రెండు గుంటలు తీయించండి. ఇద్దరు మనుషులకు ఒక రోజు పని. ఆ కూలి ఆదా చేయబోయి తరువాత గోడలు బాగు చేయించుకోవడం సంఘానికి మంచిది కాదు.

గుంటలో ఏమి చూడాలి?

1. గట్టి ఎర్రనేల లేదా మొరం: చిన్న గదికి 3 అడుగుల లోతున రాతి కట్టుబడి పునాది చాలు. ఇంతకు మించి ఖర్చు అనవసరం.

2. నల్లరేగడి: ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దానితోపాటు పునాదీ కదిలి గోడలు బీటలు వారుతాయి. నల్లమట్టి పొర 4, 5 అడుగులే ఉండి కింద మొరం తగిలితే, మొరం దాకా తవ్వి కట్టడం మేలు. పొర లోతుగా ఉంటే రాతి పునాదిని ఎంత వెడల్పు చేసినా లాభం లేదు. ఇలాంటి నేలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఒక పద్ధతి రూపొందించింది. నేలలో సన్నని గుండ్రటి గుంత దించి, అడుగున దాన్ని వెడల్పు చేసి, ఇనుము, కాంక్రీటుతో నింపుతారు. లోతైన రేగడిలో ఇవి సాధారణంగా 3.5 మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు దిగాలి. వీటిపై బీము వేసి గోడ కడతారు. బీము కింద 3 అంగుళాలకు పైగా ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినా బీమును తాకకూడదు. ఈ పని ఇంజనీరు లెక్క లేకుండా చేయించవద్దు.

3. పూడిక నేల: పాత గుంటనో, చెరువు అంచునో మట్టి పోసి చదును చేసిన స్థలం ఇది. గట్టి నేల తగిలేదాకా తవ్వాలి, లేదా స్థలం మార్చాలి. ఎవరో ఉచితంగా ఇచ్చారని ఇలాంటి జాగా తీసుకుంటే, మిగిలిందనుకున్న సొమ్ము పునాదిలోకే పోతుంది. దాతకు నమస్కరించి వేరే మూల అడగడంలో తప్పు లేదు.

లెక్క ఎలా వేయాలి?

లోపల 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గది తీసుకుందాం. గోడ మందం అడుగు అనుకుంటే, గోడల మధ్యగీత వెంట చుట్టుకొలత 48 అడుగులు. ఎర్రనేలలో కందకం రెండున్నర అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు.

తవ్వకం: 48 × 2.5 × 3 = 360 ఘనపుటడుగులు.

అడుగు కాంక్రీటు (1:4:8), 6 అంగుళాల మందం: 60 ఘ.అ.

రాతి కట్టుబడి: నేల మట్టం వరకు 2 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, 240 ఘ.అ.; నేలపైన ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు, 108 ఘ.అ. మొత్తం 348 ఘ.అ.

దీనికి 1:6 పాళ్ల మాలు వాడితే కాంక్రీటుతో కలిపి సిమెంటు సుమారు 23 బస్తాలు, ఇసుక 150 ఘ.అ., కంకర 55 ఘ.అ., రాయి 435 ఘ.అ. పడతాయి. గది లోపల అడుగు మందం మొరం నింపడానికి 110 ఘ.అ. కావాలి. దిమ్మిసతో కొడితే అణుగుతుంది కనుక కొంత ఎక్కువే తెప్పించండి. ఒక్కొక్కదానిని మీ ఊరి ధరతో హెచ్చవేసి, తవ్వకం, మేస్త్రీ, కూలి, రవాణా కలపండి. మొత్తంపై నూటికి 10 వంతులు అదనంగా ఉంచండి. రేపు పాలు చల్లబరిచే యంత్రం పెట్టే ఆలోచన ఉంటే ముందే చెప్పండి. 1,000 లీటర్ల పాలే టన్ను దాటి తూగుతాయి. యంత్రం బరువు వేరు. ఆ చోట నేలకు వేరుగా గట్టి దిమ్మె వేయాలి.

మరచిపోయే ఖర్చు

పాల గదిలో రెండు పూటలా క్యాన్లు, నేల కడుగుతాము. ఆ నీరు గోడ పక్కనే ఇంకితే, వాన లేకున్నా రేగడి ఉబ్బుతుంది. గోడ చుట్టూ బయటికి వాలుగా 3 అడుగుల గచ్చు, నీటిని దూరంగా తీసుకుపోయే సిమెంటు కాలువ తప్పనిసరి. చాలా అంచనాలలో వీటిని "తరువాత చూద్దాం" అని వదిలేస్తారు. ఇవి పునాదిలో భాగమేనని మా మనవి. సొమ్ము చాలకపోతే ముందు వరండాను, రంగులను వాయిదా వేయండి. వాటిని మరుసటి ఏడాది చేసుకోవచ్చు. పునాదిని మళ్లీ వేయలేము.

గుంటలో కనిపించిన మట్టి వివరం, పరిమాణాల లెక్క, మూడు చోట్ల విచారించిన ధరలు తీర్మానాల పుస్తకంలో రాసి, సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించండి. ఆ సొమ్ము ప్రతి సభ్యుడూ పూటపూటా పోసిన పాలది. అది ఎక్కడ ఖర్చవుతున్నదో అందరికీ తెలియాలి.