ఆ మొదటికి ముందు

కాకినాడ

చి. చిన్నాకి,

సంక్రాంతికి మేడ మీద నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పలేదని అలిగావట, మీ అమ్మ చెప్పింది. చెప్పకపోవడం కాదురా, చెప్పనిస్తేగా! నువ్వు "బిగ్ బ్యాంగ్‌కి ముందు ఏముంది?" అనగానే మీ బాబాయి బ్రహ్మదేవుడి పగలు 432 కోట్ల సంవత్సరాలని అందుకున్నాడు. మీ నాన్న ముందు ఈఏపీసెట్ సంగతి చూడమన్నాడు. ఈలోగా కిందనుంచి అరిసెల పళ్లెం వచ్చింది, ఇంకేముంది! ఫోన్‌లో తేలే వ్యవహారం కాదు గనక కాగితం తీశాను. ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పొడుగవుతుంది. ఓపిక పట్టు.

ముందు నీ ప్రశ్నలోనే ఒక పేచీ ఉంది. బిగ్ బ్యాంగ్ అనగానే నల్లటి శూన్యంలో ఎక్కడో ఒక మూల బాంబు పేలినట్టు బొమ్మ వేసుకున్నావు. యూట్యూబ్ వాళ్లు అలాగే చూపిస్తారు. మనకి గట్టిగా తెలిసింది అంతకన్నా చిన్న సంగతి. సుమారు 1380 కోట్ల ఏళ్ల కిందట, ఇవాళ మనకు కనిపించే విశ్వమంతా ఊహకందని వేడితో, ఊహకందని ఇరుకులో ఉండేది. అప్పటినుంచి సాగుతోంది, చల్లబడుతోంది. ఆ వేడి ముద్ద ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ సిద్ధాంతం చెప్పదు. బిగ్ బ్యాంగ్ అంటే పుట్టుకే అనుకుని "దానికి ముందు" అంటున్నావు. ఆ రెండూ ఒకటేనని ఎవరూ రుజువు చెయ్యలేదు.

ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఒక చర్చి ఫాదర్. బెల్జియం ఆయన, పేరు జార్జ్ లెమైత్ర్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేశాడు. తిరిగొచ్చి లెక్కలూ చదివాడు, దైవశాస్త్రమూ చదివాడు. 1923లో ఫాదరై, అదే ఏడు కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ దగ్గర చేరాడు. 1927లో, బయట ఎవరూ పెద్దగా చదవని ఒక బెల్జియం పత్రికలో, ఫ్రెంచిలో ఒక వ్యాసం వేశాడు. గెలాక్సీలు మనకి దూరమవుతున్నది అవి పరిగెత్తుతున్నందుకు కాదు, మధ్యనున్న చోటే సాగుతున్నందుకని ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచే తేల్చాడు. ఆ ఏడే బ్రస్సెల్స్‌లో కలిసిన ఐన్‌స్టీన్, లెక్క బాగానే ఉంది గానీ ఫిజిక్స్ మాత్రం ఘోరంగా ఉందన్నాడట. రెండేళ్లు తిరక్కుండా హబుల్ కొలతలు వచ్చాయి. పేరు కూడా హబుల్‌కే పోయింది. గెలాక్సీల దూరానికీ వేగానికీ ఉన్న ఆ సంబంధాన్ని హబుల్–లెమైత్ర్ సూత్రం అనాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం తీర్మానించడానికి 2018 దాకా పట్టింది.

నీ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది ఆయన 1931 మే నెలలో నేచర్ పత్రికకి రాసిన ఉత్తరం. నా ఈ ఉత్తరంలో సగం కూడా ఉండదు. సాగుతున్న విశ్వాన్ని వెనక్కి తిప్పుకుంటూ పోతే, ప్రపంచంలోని శక్తంతా కొద్దిపాటి క్వాంటాల్లోకి, చివరికి ఒక్కదానిలోకి చేరిపోవాలన్నాడు. అక్కడితో ఆగలేదు. అంతా ఒక్కటిగా ఉన్నప్పుడు చోటు, కాలం అన్నవాటికి అర్థమే ఉండదన్నాడు. ఒక్కటి పదై, వందై, చాలినన్ని అయ్యాకే గడియారానికి పని మొదలవుతుందన్నమాట. నీ ప్రశ్నలో "ముందు" అనే మాట ఉంది చూడు, అది అక్కడ పనిచెయ్యకపోవచ్చని దాదాపు వందేళ్ల కిందటే అనుమానించాడు.

ఆ ఉత్తరం టైపు ప్రతిలో చివర దేవుడి ప్రస్తావన ఉన్న ఒక పేరా ఉండేది. అచ్చుకి వెళ్లకముందే దాన్ని ఆయనే కొట్టేశాడు. నమ్మకం లేక కాదు, జీవితాంతం ఫాదర్‌గానే ఉన్నాడు. అది అక్కడ ఉండాల్సిన మాట కాదనిపించి ఉంటుంది. ఇరవై ఏళ్ల తరవాత, 1951 నవంబరులో, పన్నెండో పయస్ పోప్ వాటికన్ సైన్స్ అకాడమీలో మాట్లాడుతూ, సైన్సు కనిపెట్టిన ఈ మొదలు బైబిల్లోని సృష్టికి సాక్ష్యం పలుకుతోందన్న ధోరణిలో ప్రసంగించాడు. ఇంకొకరైతే తమ సిద్ధాంతానికి పోపే ముద్ర వేశాడని పొంగిపోయేవారు. లెమైత్ర్ ఇబ్బంది పడ్డాడు. వాటికన్ వేధశాల అధిపతితో కలిసి నచ్చజెప్పించాడు. మరుసటేడు రోమ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుల సభలో పోప్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తన సిద్ధాంతాన్ని ఆస్తికుడూ వాడుకోకూడదు, నాస్తికుడూ వాడుకోకూడదు, అది ఆ గొడవకి బయట ఉన్నదన్నది ఆయన పట్టు. మీ బాబాయితో మాట్లాడుతున్నప్పుడు ఈ ఫాదర్ నాకు గుర్తొస్తుంటాడు.

అవతలి పక్షంలో ఫ్రెడ్ హాయిల్ అని ఇంగ్లండాయన. నాస్తికుడు. అసలు మొదలనేదే లేదు, విశ్వం సాగే కొద్దీ మధ్య ఖాళీలో కొత్త పదార్థం పుడుతూ ఎప్పుడూ ఒకేలా ఉంటుందని 1948లో బాండీ, గోల్డ్‌లు ఒక పక్క, ఈయన ఒక పక్క ప్రతిపాదించారు. మరుసటేడు బీబీసీ రేడియోలో, ఎదుటివాళ్ల సిద్ధాంతానికి "బిగ్ బ్యాంగ్" అని పేరు పెట్టింది ఈయనే. నామకరణం చేసినవాడే జీవితాంతం దాన్ని నమ్మలేదు! మొదలు అనే మాట ఆయనకి మతం వాసన కొట్టేది. మన జయంత్ నార్లీకర్ ఆయన శిష్యుడే. 2025లో పోయేవరకూ బిగ్ బ్యాంగ్ మీద అనుమానాలు వదల్లేదు. వీళ్లని మొండివాళ్లని కొట్టిపారెయ్యకు. హాయిల్ దగ్గర అప్పట్లో గట్టి కారణమే ఉండేది. హబుల్ కొలిచిన వేగాల ప్రకారం విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లు కూడా రాదు. రేడియోధార్మికతతో లెక్కవేస్తే భూమ్మీది రాళ్ల వయసు అంతకన్నా ఎక్కువ తేలుతోంది! 1952లో వాల్టర్ బాడె దూరాల లెక్కలోని తప్పు బయటపెట్టాక గానీ ఆ చిక్కు వీడటం మొదలవలేదు.

తగవు తీర్చింది మాత్రం ఒక గొణుగుడు. 1964లో న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు పెద్ద కొమ్ము ఆకారంలోని ఏంటెన్నాతో కుస్తీ పడుతున్నారు. ఎటు తిప్పినా, పగలైనా రాత్రైనా, ఒకటే సన్నటి రొద. లోపల గూడు కట్టుకున్న పావురాలని తరిమారు, రెట్టలు కడిగారు. రొద పోలేదు. దగ్గర్లోని ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందం సరిగ్గా ఆ రొదనే వెతకడానికి పరికరం కట్టుకుంటోంది. పెంజియాస్ దగ్గర్నుంచి ఫోన్ రాగానే మనం వెనకబడ్డామని డికీకి అర్థమైపోయింది.

ఇక్కడ నీకు పనికొచ్చే ముక్క ఒకటుంది, పాఠ్యపుస్తకాల్లో కనపడదు. డికీ ఆ రొద కోసం ఎందుకు వెతికాడో తెలుసా? ఆయన మనసులో ఉన్నది సాగి, ముడుచుకుని, మళ్లీ సాగే విశ్వం. మనకి ముందు ఇంకో విశ్వం ఉండి ఉంటే, దానిలోని నక్షత్రాలు వండిన బరువైన మూలకాలన్నీ ఏమయ్యాయి? మళ్లీ హైడ్రోజన్‌గా విరిగిపోవాలంటే మధ్యలో భయంకరమైన వేడి ఉండి తీరాలి, ఆ వేడి ఆనవాలు ఇప్పటికీ మిగిలి ఉండాలి. అంటే బిగ్ బ్యాంగ్‌కి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యాన్ని వెతకడానికి ఆయన బయల్దేరింది "దానికి ముందు ఏముంది" అన్న నీ ప్రశ్నతోనే. ప్రశ్నకి జవాబు రాలేదు, సాక్ష్యం మాత్రం దొరికింది.

ఆ రొద ఏమిటంటే, విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసప్పుడు బయటపడ్డ వెలుగు. కమ్మరి కొలిమిలోంచి తీసిన ఇనుము తెల్లగా, ఎర్రగా, చివరికి నల్లగా ఎలా చల్లారుతుందో, ఆ వెలుగు కూడా 3,000 డిగ్రీల నుంచి చల్లారుతూ ఇవాళ పరమ శూన్య ఉష్ణోగ్రతకి పైన 2.7 డిగ్రీల దగ్గరుంది. దూరదర్శన్ రోజుల్లో ప్రసారం ఆగిపోయాక టీవీ మీద చుక్కలు చుక్కలుగా బరబరమనేది, నువ్వు చూసి ఉండవు. దానిలో నూటికో వంతు ఈ వెలుగుదే. లెమైత్ర్‌కి ఈ సంగతి 1966లో, చనిపోయేముందు, ఆయన సహాయకుడు చెప్పాడు. వినగలిగాడు, అది చాలు.

అంతకన్నా వెనక్కి కంటితో చూడలేం, వెలుతురు దాటి రాదు. లెక్కతో మాత్రం వెళ్లొచ్చు. మొదటి కొద్ది నిమిషాల్లో ఎంత హీలియం తయారై ఉండాలో లెక్కిస్తే పదార్థంలో పావు వంతు అని వస్తుంది, ఆకాశంలో కొలిచినా అంతే ఉంది. కాబట్టి అక్కడిదాకా నేను నిశ్చింతగా పాఠం చెబుతాను. ఇంకా వెనక్కి పోయేకొద్దీ నా గొంతు తగ్గుతుంది. 1955లో మన అమల్ కుమార్ రాయ్‌చౌధురి కలకత్తానుంచి ఒక సమీకరణం ప్రచురించాడు. గురుత్వాకర్షణ ఆకర్షించడమే తన పనిగా ఉన్నంతకాలం, కాలంలో వెనక్కి నడిపిస్తే పదార్థం దారులన్నీ ఒకచోటికి చేరక తప్పదని దాని సారాంశం. పెన్‌రోజ్, హాకింగ్ దాన్ని ఆధారం చేసుకునే తమ సిద్ధాంతాలు నిలబెట్టారు. ఆ చోట సాంద్రత అనంతం. అనంతం అని లెక్కలో వచ్చిందంటే ప్రకృతి అక్కడ ఆగిపోయిందని కాదురా, మన సమీకరణం ఆగిపోయిందని. సెకనుని 1 పక్కన 43 సున్నాలు పెట్టిన సంఖ్యతో భాగిస్తే వచ్చేంత కాలం దగ్గర గురుత్వాకర్షణకీ క్వాంటం నియమాలకీ కలిపి ఒకే శాస్త్రం కావాలి. అది ఇంకా ఎవరి చేతిలోనూ లేదు.

లేదు కాబట్టే ఊహలు. హార్టిల్, హాకింగ్ 1983లో, ఉత్తర ధ్రువానికి ఉత్తరాన ఏముందని అడగలేనట్టే మొదటికి ముందు ఏముందనీ అడగలేమన్నారు, కాలానికి అంచే లేదన్నారు. అభయ్ అష్టేకర్ వంటివారు చోటు కూడా అణువుల్లాంటి ముక్కలతో అయిందని తీసుకుని లెక్కిస్తే, ముడుచుకున్న విశ్వం ఒక హద్దు దగ్గర వెనక్కి తన్నుకుని మళ్లీ సాగుతుందని తేల్చారు. పెన్‌రోజ్ లెక్కలో మన విశ్వపు చల్లటి చివరే ఇంకో విశ్వానికి వేడి మొదలు. నాకు అష్టేకర్ దారి మీద కాస్త మక్కువ, అది నా ఇష్టమే గానీ రుజువు కాదు. తొందరపడితే ఏమవుతుందో 2014లో చూశాం. దక్షిణ ధ్రువం దగ్గరున్న బైసెప్ టెలిస్కోపు వాళ్లు విశ్వం తొలి క్షణాల ముద్ర దొరికిందని మార్చిలో ప్రకటించారు. ఏడాది తిరక్కుండా అది మన గెలాక్సీలోని ధూళి పని అని తేలింది.

బాబాయి సంగతి మిగిలింది. 432 కోట్లు, భూమి వయసు 454 కోట్లు, చూశావా దగ్గరగా ఉందంటాడు. దగ్గరగానే ఉంది. బ్రహ్మ పగలుకి రాత్రి కూడా కలిపితే 864 కోట్లు, అది దేనికీ దగ్గరగా ఉండదు. అంత పెద్ద కాలాన్ని ఊహించడానికి జంకని పూర్వులంటే నాకూ గౌరవమే. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం ఈ ప్రశ్నే అడిగి, పైనున్నవాడికైనా తెలుసో లేదోనన్న అనుమానంతో ముగుస్తుంది. బాబాయి ఆ సూక్తాన్ని ఎప్పుడూ ఎత్తడు, గమనించు. పోతన గజేంద్రుడు లోకాలన్నీ పోయాక మిగిలే చీకటికి అవతల ఉన్నవాణ్ణి పిలిచాడు. మొసలి నోట్లో కాలున్నవాడి ఆర్తి అది, కొలత కాదు. ఆ పద్యం నీకు కంఠతా వచ్చు, అలాగే ఉంచుకో.

ఇక నీకొక పని. ఇప్పటి కొలతల్లో ఒక మెగాపార్సెక్ దూరానికి వేగం సెకనుకి సుమారు 70 కిలోమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఒక మెగాపార్సెక్ అంటే 3.09ని పది ఘాతం 19తో గుణిస్తే వచ్చినన్ని కిలోమీటర్లు. దూరాన్ని వేగంతో భాగించి, సెకన్లని ఏళ్లలోకి మార్చు. తరవాత 70 బదులు హబుల్ నాటి 500 పెట్టి అదే చెయ్యి, హాయిల్ ఎందుకు ఒప్పుకోలేదో తెలుస్తుంది. మొదటి జవాబు 1380 కోట్లకి చాలా దగ్గరగా వస్తుంది. విశ్వం మొదట్లో సాగే వేగం తగ్గుతూ వచ్చింది, తరవాత పెరుగుతోంది, అయినా వేగం ఎప్పుడూ ఒకటే అనుకుని చేసిన లెక్క అంత దగ్గరగా ఎందుకొచ్చిందో ఆలోచించి రాయి. వాట్సాప్‌లో కాదు, కాగితం మీద. లెక్క తప్పినా కొట్టివేతలతో సహా పంపు.

ఇట్లు
మీ అత్తయ్య