వ్యాను తలుపును మోసే వాయువు

మారుతీ ఓమ్ని వ్యాను వెనుక తలుపును పైకెత్తి వదిలితే కింద పడదు. ఎందుకో తెలుసా? పక్కనున్న నల్లని గొట్టాలు దాన్ని మోస్తాయి. వీటినే గ్యాస్ స్ట్రట్లు అంటారు. లోపల స్ప్రింగు ఉందనుకునేరు! ఉన్నది ఒత్తిడితో కుక్కిన నత్రజని వాయువు, కాస్త నూనె.

గొట్టంలోని ముషలకానికి చిన్న రంధ్రం ఉంటుంది. కనుక దానికి రెండు వైపులా పీడనం ఒకటే. మరి కడ్డీ బయటికెందుకు వస్తుంది? కడ్డీ అతికి ఉన్న వైపు వాయువు నెట్టడానికి ఆ మేరకు చోటు తక్కువ. ఆ తేడాయే బలం. కడ్డీ అడ్డుకోత వైశాల్యం అర చదరపు సెంటీమీటరు, పీడనం వాతావరణ పీడనానికి 80 రెట్లు అనుకుందాం. అప్పుడు ఒక్కో గొట్టం సుమారు 40 కిలోల బరువును ఎత్తగల బలంతో నెడుతుంది!

40 డిగ్రీల ఎండలో ఉన్న ఈ బలం, అరకు చలిలో 10 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు పదోవంతు తగ్గుతుంది. నీరసించిన గొట్టం సంగతి చలికాలం తెల్లవారుజామునే బయటపడుతుంది.

కళింగపట్నం వంటి తీరపు ఊళ్ళలో అసలు శత్రువు ఉప్పుగాలి. తుప్పు పట్టిన కడ్డీ రబ్బరు సీలును గీరుతుంది, వాయువు మెల్లగా జారిపోతుంది. కడ్డీని పొడిగుడ్డతో తుడుస్తూ ఉండండి.

తలుపు నిలవకపోతే రెండు పక్కలవీ ఒకేసారి మార్చాలి. ముందు తలుపుకు గట్టి కర్ర ఊతమివ్వండి, పెద్దవాళ్ళను పట్టుకోమనండి. చివరనున్న క్లిప్పును స్క్రూడ్రైవరుతో కాస్త లేపితే గొట్టం ఊడి వస్తుంది. కొత్తదాన్ని, తలుపు మూసినప్పుడు కడ్డీ కిందికి ఉండేలా బిగించాలి. అప్పుడే లోపలి నూనె సీలును తడుపుతుంది.

పాతదాన్ని కోయకండి, మంటలో వేయకండి. తలుపును మోయలేకపోయినా అందులో ప్రమాదకరమైన పీడనం మిగిలే ఉంటుంది. పాత ఇనుము కొనేవారికి కూడా ఈ మాట చెప్పే ఇవ్వండి.