నకలు వేరు, ప్రతిబింబము వేరు
హార్డ్ డిస్కును కాపాడుకొను విధానము

నాచారం, ఉప్పల్ పరిసరములలో నివసించు మనకు కంప్యూటరు కొత్త వస్తువేమీ కాదు. మనకు కూతవేటు దూరమున ఉన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1967లో స్థాపితమై, ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.–12 కంప్యూటరును దేశమునకు అందించినది. అంతటి పాత పరిచయము ఉండియు, ఆ పెట్టెలో దాచుకొన్న సమాచారమును కాపాడుకొను విద్య మాత్రము మనలో చాలమందికి ఇంకను పట్టుబడలేదు.

2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన కుండపోత వర్షమునకు హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ ప్రాంతములలోని అనేక కాలనీలు నీట మునిగినవి. క్రింది అంతస్తులలో బల్లల క్రింద ఉంచిన వస్తువుల గతి ఏమైనదో అచ్చటివారిని అడిగి తెలిసికొనవచ్చును. అయితే హార్డ్ డిస్కు పాడగుటకు వరదయే రానక్కరలేదు. లోపల నిమిషమునకు 5,400 లేక 7,200 మార్లు తిరుగు పళ్ళెములు, వాటిపై వెంట్రుకకన్న సన్నని ఎడముతో కదలు తలలు ఉన్నవి. ఇట్టి యంత్రము ఏదో ఒకనాడు ఆగక తప్పదు. ఆ దినము ముందుగా చెప్పి రాదు.

ఇటువంటి సంచికను కూర్చు కంప్యూటరునే ఉదాహరణగా తీసికొందము. తెలుగు పుటలు అను ఫాంట్లలోను, ఉర్దూ పుటలు ఇన్‌పేజ్‌లోను తయారగుట మన అచ్చు గదులలో ఏండ్ల తరబడి ఉన్న వాడుక. మేమెరిగిన ఒక అచ్చు గదిలో, కీర్తిశేషులైన ఒక ఉర్దూ అధ్యాపకుల గజళ్ళు పుస్తకముగా కూర్చబడుచుండగా డిస్కు ఆగిపోయినది. అచ్చటివారు అజాగ్రత్తపరులు కారు. ఫైళ్ళన్నియు వారము క్రితమే పెన్‌డ్రైవులోనికి నకలు చేసి ఉంచిరి. కొత్త కంప్యూటరులో వాటిని తెరచి చూడగా తెలుగు ముందుమాట ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలుగా కనబడినది. పాత ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. ఫాంటు లేనిచో ఆ అక్షరములకు అర్థమే లేదు. గజళ్ళ ఫైళ్ళు అసలు తెరచుకొననే లేదు. పాత ఇన్‌పేజ్ తన అక్షరములను తనదైన సంకేతములలో దాచుకొనును. దానిని ఇతర సాధారణ సాఫ్ట్‌వేరులు చదువలేవు. అదే కూర్పు ఉన్న పాత యంత్రము మరియొక చోట దొరకుటకు నెల దినములు పట్టినది. అప్పటికిని చివరి వారమున చేసిన దిద్దుబాట్లు తిరిగి రాలేదు. కవి జీవించి ఉన్నప్పుడు స్వయముగా చెప్పి సరిచేయించిన పంక్తులు అవి.

వారివద్ద ఫైళ్ళున్నవి, కాని ఫైళ్ళను బ్రతికించు పరిసరము లేదు. ఇచ్చటనే నకలునకు, ప్రతిబింబమునకు గల భేదము తెలియును. మన రిజిస్ట్రేషను కచేరీల పుణ్యమా అని ‘నకలు’ అను మాట తెలుగులోనికి వచ్చి స్థిరపడినది. ఉర్దూలో నకల్ వేరు, అక్స్ వేరు. వ్రాతను చూచి మరల వ్రాసినది నకల్. అద్దములో ఉన్నది ఉన్నట్లు కనబడునది అక్స్. ఫైళ్ళను పెన్‌డ్రైవునకు ఎక్కించుట మొదటిది. డిస్కు ఇమేజింగ్ అనునది రెండవది.

హార్డ్ డిస్కు సెక్టారులు అను చిన్న గడులుగా విభజింపబడి ఉండును. ఒక్కొక్క గడిలో 512 బైట్లు, కొత్త డిస్కులలో 4,096 బైట్లు పట్టును. మన కంటికి కనబడు ఫైళ్ళేకాక, యంత్రము మేల్కొనుటకు వలసిన ఆరంభ భాగము, విభాగముల పట్టిక, ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంట్లు, ప్రింటరు డ్రైవర్లు, మీటల అమరిక అన్నియు ఈ గడులలోనే ఉన్నవి. ఇమేజింగ్ సాఫ్ట్‌వేరు ఈ గడులను వరుసగా చదివి, ఆ మొత్తమును ఇమేజిగా మరియొక డిస్కుమీద భద్రపరచును. తరువాత కొత్త డిస్కుమీద దానిని విప్పినచో పాత కంప్యూటరు సమస్త అలవాట్లతో లేచి కూర్చుండును.

న్యూజీలాండులో 1990ల మధ్య పుట్టిన ఘోస్ట్ అను సాఫ్ట్‌వేరు ఈ పనికి పేరుపడినది. 1998లో దానిని సిమాంటెక్ సంస్థ కొన్నది. నేడు విద్యార్థులకు అనువైనది క్లోన్‌జిల్లా. తైవానులో తయారైన ఈ సాఫ్ట్‌వేరు ఉచితము. దీనిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, దానినుండియే కంప్యూటరును ప్రారంభింపవలెను. నిద్రించు యంత్రమునకే శస్త్రచికిత్స సులభము గదా! విండోస్‌ను ఆపునప్పుడు షిఫ్ట్ మీటను నొక్కి ఉంచవలెను. లేనిచో అది సగము మేల్కొనియే ఉండి, క్లోన్‌జిల్లా పని నిరాకరింపవచ్చును. పిదప ‘డివైస్–ఇమేజ్’ను, అందులో ‘సేవ్ డిస్క్’ను ఎంచుకొనవలెను. ఇది వాడుకలోనున్న గడులను మాత్రమే తీసికొని, కుదించి దాచును గనుక ఇమేజి పరిమాణము తగ్గును.

ఈ పనిలో నిజముగా భయపడవలసిన స్థానము ఒక్కటే. ఏది మూలము, ఏది గమ్యము అను ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినచో, ముఖ్యముగా తిరిగి విప్పునప్పుడు, నిండు డిస్కు క్షణములో తుడిచిపెట్టబడును. తెరపై డిస్కులు ఎస్.డి.ఎ., ఎస్.డి.బి. అను పేర్లతో కనబడును. ఆ పేర్లను నమ్మరాదు. తయారీదారు పేరును, పరిమాణమును కాగితముమీద ముందుగా వ్రాసికొని సరిచూచుకొనవలెను. వీలైనచో రెండు డిస్కులు ఒకే పరిమాణముగలవి కాకుండుట మేలు. అయితే ఇమేజిని విప్పు కొత్త డిస్కు పాతదానికన్న చిన్నది కారాదు.

కాలము ఎంత పట్టునని విద్యార్థులు అడుగుచుందురు. సెకనుకు 30 మెగాబైట్ల వేగము గల పాత యు.ఎస్.బి. మార్గమున 500 గిగాబైట్లు చదువుటకు నాలుగున్నర గంటలకు పైగా పట్టును. 100 మెగాబైట్ల వేగమున గంటన్నర లోపల ముగియును. నడుమ కరెంటు పోయిన మొదటికి వచ్చును. ఇన్వర్టరు ఉన్న గదిలో చేయుట మంచిది. డిస్కు అప్పటికే కిరకిరలాడుచున్నచో ఈ మార్గము తగదు. చదువదగిన భాగములను ముందుగా తీసి, మొండి గడులను చివరకు విడిచిపెట్టు డి.డి.రెస్క్యూ వంటిది వాడవలెను.

ప్రతిబింబము అసలుతో సరిపోయినదని ఎట్లు తెలియును? ఇందుకు హాష్ అను గణిత పద్ధతి ఉన్నది. ఎంత పెద్ద డిస్కునైనను ఎస్.హెచ్.ఎ.–256 పద్ధతి 64 అక్షరముల ముద్రగా మార్చును. ఒక్క బిట్టు మారినను ముద్ర పూర్తిగా మారును. ఉప్పల్‌కు ప్రక్కనే రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ విజ్ఞాన ప్రయోగశాల కలదు. ఫోరెన్సిక్ పరీక్షలలో నిందితుని డిస్కును నేరుగా తెరువక, ప్రతి గడిని ఖాళీవాటితో సహా ప్రతిబింబముగా తీసి, హాష్ ముద్రలను సరిచూచి, ఆ ప్రతిబింబముమీదనే పరిశీలన జరుపుదురు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద సమర్పించు ధ్రువపత్రములో హాష్ విలువను వ్రాయుటకు ప్రత్యేకముగా చోటు కేటాయింపబడినది. మన అచ్చు గదికి అంత పట్టింపు అక్కరలేదు. క్లోన్‌జిల్లా అడుగు ‘ఇమేజిని సరిచూడుమందువా’ అను ప్రశ్నకు ‘ఔను’ అనిన చాలును. చాలమంది తొందరలో ‘కాదు’ అందురు.

ప్రతిబింబము తీసిన నాటిదే. మరునాడు టైపు చేసిన గజల్ అందులో ఉండదు. కావున ప్రతిదిన ఫైళ్ళ నకలును మానరాదు. ఆ దినమున యంత్రములో వైరసు ఉన్నచో అదియు ప్రతిబింబములో చేరును. తాళము వలె పని చేయు డాంగిల్ కావలసిన సాఫ్ట్‌వేరు ఉన్నచో దానిని విడిగా దాచవలెను. ఇమేజి దానిని తీసికొనలేదు.

మా సలహా ఇది: పాత అచ్చు కంప్యూటరు బాగుగా పని చేయుచున్న ఈ సెలవులలోనే ప్రతిబింబము తీసి, ఒక పాత ఖాళీ డిస్కుమీద విప్పి, ఉర్దూ పుట ఒకటి, తెలుగు పుట ఒకటి తెరచి చూడుడు. ఆ తరువాత ఇమేజి ఉన్న డిస్కును కంప్యూటరు గదిలో గాక, వేరొక ఇంట, మేడమీద బీరువాలో ఉంచుడు.